పాప అవ్వను పిలిచిన రాత్రులు

2018 ఆగస్టులో, ఐవీఎఫ్ చేయించుకున్నాక గర్భం నిలిచిందో లేదో చూసే బీటా రక్తపరీక్ష రిపోర్టు మూడోసారి కూడా నెగెటివ్ అని మెసేజ్ వచ్చినప్పుడు నేను మారతహళ్ళి బ్రిడ్జి దగ్గర బస్సు కోసం నిలబడి ఉన్నాను. ఫోను బ్యాగులో పెట్టేశాను. బస్సు వచ్చింది, ఎక్కలేదు. తర్వాతది కూడా ఎక్కలేదు. చీకటి పడ్డాక ఇంటికి చేరితే మా ఆయన ఏమీ అడగలేదు. ఫ్రిజ్ తెరిచి, పెరుగు గిన్నె పక్కన మిగిలిన ఇంజెక్షన్ల డబ్బా తీసి బయట పెట్టాడు. "ఇంక చాలు. నీ ఒంటికి చాలు" అన్నాడు.

మాది కదిరి. 2011లో పెళ్ళయింది, అప్పటి నుంచి బెంగళూరులోనే ఉంటున్నాం. ఐవీఎఫ్ గురించి ఎక్కువ రాయను. చేయించుకున్నవాళ్ళకు అంతా తెలుసు. రాత్రి పదిన్నరకు అని చెప్తే సరిగ్గా పదిన్నరకే వేసుకోవాల్సిన ట్రిగ్గర్ ఇంజెక్షన్, అక్కడి నుంచి 36 గంటలకు అండాలు తీయడం, ఆ తర్వాత నూనె మందు ఇంజెక్షన్లకు నడుం కింద గట్టిపడిన గడ్డలు, వాటి మీద వేడి గుడ్డ కాపడం. ఒక్కో సైకిల్‌కు రెండు లక్షల పైనే అయింది. అన్నిటికంటే కష్టం, పిండాన్ని లోపల పెట్టాక ఫలితం కోసం చూసే ఆ చివరి రెండు వారాలు. మెట్లెక్కాలన్నా భయం, తుమ్మాలన్నా భయం. ఐవీఎఫ్‌తో బిడ్డలను ఎత్తుకున్న స్నేహితులు నాకు ఇద్దరున్నారు. ఆ దారి మంచిదే. నాకు మాత్రం తెరుచుకోలేదు.

డాక్టరు దాత అండం మాట ఎత్తారు, సరోగసీ మాట కూడా ఎత్తారు. డబ్బిచ్చి వేరే ఆమె చేత మోయించుకోవడాన్ని ఆపే బిల్లు అప్పటికే పార్లమెంటు ముందు ఉంది. 2021లో అది చట్టమైంది. చట్టం సంగతి అట్లా ఉంచితే, ఇంకొక ఆడమనిషి ఒంటిని కూడా ఈ సూదుల్లోకి లాగడానికి నాకు మనసొప్పలేదు.

ఆ సంక్రాంతికి ఊరికి పోతే మా అత్త ఒక మాట అంది. మా మరిదికి ఇద్దరు మగపిల్లలు. "రెండోవాణ్ణి మీరు సాక్కోండి. బయటికి పోడు, ఇంట్లోనే ఉంటాడు" అంది. మా వైపు ఇది కొత్తేమీ కాదు. 1956 నాటి హిందూ దత్తత చట్టం ప్రకారం బిడ్డను చేతుల మీదుగా ఇచ్చి పుచ్చుకుని, దత్తత పత్రం రాసుకుని రిజిస్టర్ చేయించుకుంటారు. మా ఆయన నా వైపు చూశాడు. నేను మా తోడికోడలి వైపు చూశాను. ఆమె అప్పుడే కాఫీ గ్లాసులు తెచ్చింది. అందరికీ ఇచ్చి, ఖాళీ పళ్ళెం పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. నోరు మెదపలేదు, లోపలికీ పోలేదు. పళ్ళెం అంచు పట్టుకున్న వేళ్ళు తెల్లబారాయి. "వద్దత్తా" అన్నాను. తోడికోడలు ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. మరుసటి రోజు మేము బస్సెక్కేటప్పుడు ఒక మూర కదిరి మల్లెలు తెచ్చి నా తలలో తనే తురిమింది.

ఇంకొకటి కూడా చెప్పాలి, చాలామందికి ఇది ఎదురవుతుంది. మాకు తెలిసినామె ఒకరు "ఆసుపత్రిలో నాకు తెలిసిన ఆయమ్మ ఉంది, పుట్టిన రోజే బిడ్డను చేతిలో పెడుతుంది, కాగితాలు కూడా మీ పేరు మీదే" అని చెప్పింది. ఎన్నో ఏళ్ళు ఎదురుచూసిన మనిషికి ఆ మాట ఎంత తియ్యగా వినిపిస్తుందో నాకు తెలుసు. ఒక రాత్రంతా నిద్రపోలేదు నేను. బాల న్యాయ చట్టంలో పిల్లలను అమ్మినా కొన్నా ఐదేళ్ళ దాకా కఠిన జైలు శిక్ష ఉంది. అంతకంటే పెద్ద భయం వేరే ఉంది. ఆ బిడ్డ ఎవరి ఒడిలో నుంచి ఎట్లా వచ్చిందో మనకు ఎప్పటికీ తెలియదు. ఆ తల్లి ఇచ్చిందో, ఆమె దగ్గర లాక్కున్నారో తెలియకుండా ఆ బిడ్డకు అన్నం ఎట్లా పెట్టడం? దయచేసి ఎవరూ ఆ దారిలో పోవద్దు.

2020 జనవరిలో కారాలో నమోదు చేసుకున్నాం. అది కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ కింద దత్తతలు చూసే సంస్థ. నమోదంతా ఆన్‌లైన్‌లోనే, దానికి మధ్యవర్తి ఎవరూ అవసరం లేదు. ఆధార్, పాన్, పెళ్ళి సర్టిఫికెట్, ఆదాయం కాగితాలు, ఇద్దరికీ డాక్టరు ఇచ్చే ఆరోగ్య సర్టిఫికెట్, కలిసి దిగిన ఫోటో. పెళ్ళై కనీసం రెండేళ్ళు నిండాలి. భార్యాభర్తల వయసులు కలిపి చూస్తారు. ఇప్పటి నియమాల ప్రకారం రెండేళ్ళ లోపు బిడ్డకు ఆ మొత్తం 85 దాటకూడదు, రెండు నుంచి నాలుగేళ్ళ బిడ్డకైతే 90. అప్పటికి నాకు 36, ఆయనకు 39. మా ఆఫీసులో పెళ్ళి చేసుకోని ఒకమ్మాయి నన్ను పక్కకు పిలిచి "నేను ఒక్కదాన్నే తీసుకోవచ్చా అక్కా?" అని అడిగింది. తీసుకోవచ్చు. ఒంటరి మహిళ ఆడపిల్లనైనా మగపిల్లాణ్ణైనా తీసుకోవచ్చు. ఒంటరి మగవాళ్ళకు మాత్రం ఆడపిల్లను ఇవ్వరు.

పాపా బాబా అన్న చోట "ఎవరైనా సరే" అని పెట్టాం. వయసు రెండేళ్ళ లోపు అని పెట్టాం.

మార్చి మొదటి వారంలో హోమ్ స్టడీకి, అంటే మా ఇంటినీ మమ్మల్నీ చూసి రిపోర్టు రాయడానికి, సోషల్ వర్కర్ వచ్చారు. దాని ఫీజు ఆరు వేలు. నేను రెండు రోజులు ఇల్లు తుడిచాను. ఆవిడ ఇల్లు పెద్దగా చూడలేదు. బాల్కనీ గ్రిల్ సందులు ఎంత వెడల్పు ఉన్నాయో చూశారు, బాత్రూం గడియ ఎంత ఎత్తులో ఉందో చూశారు. తర్వాత మమ్మల్ని కలిపి, మళ్ళీ విడివిడిగా కూర్చోబెట్టి మాట్లాడారు. ఆఫీసుకు పోతే బిడ్డను ఎవరు చూస్తారు, రేపు మీకే ఒక బిడ్డ పుడితే ఏం చేస్తారు, దత్తత సంగతి బిడ్డకు ఎప్పుడు చెప్తారు. వీటన్నిటికీ మేము ముందే అనుకున్న జవాబులు ఉన్నాయి. పోయే ముందు చెప్పులు వేసుకుంటూ ఆవిడ ఒకటి అడిగారు. "మీరు బిడ్డను ఇష్టపడతారు, అది నాకు తెలుస్తూనే ఉంది. బిడ్డ మిమ్మల్ని ఇష్టపడకపోతే?"

నా దగ్గర జవాబు లేదు. "వేచి ఉంటాం మేడమ్" అన్నాడు మా ఆయన. ఆవిడ తల ఊపి వెళ్ళిపోయారు.

ఇంకో రెండు మూడు వారాల్లో లాక్‌డౌన్ వచ్చింది.

వేచి ఉండటం అంటే ఏమిటో ఆ మూడేళ్ళలో నేర్చుకున్నాం. పోర్టల్‌లో మన వరుస నంబరు కనిపిస్తుంది. అది నెలకు పదో ఇరవయ్యో కిందికి దిగుతుంది, ఒక్కోసారి కదలనే కదలదు. అప్పట్లో దేశం మొత్తం మీద ఎదురుచూస్తున్న దంపతులు 30 వేల చుట్టుపక్కల, ఏడాదికి కారా ద్వారా దత్తత వెళ్ళే పిల్లలు మూడున్నర వేల చుట్టుపక్కల. అనాథాశ్రమాల్లో అంతమంది పిల్లలుంటే మీకు ఇవ్వడానికి ఏం కష్టం అని మా బంధువులు అడిగేవాళ్ళు. ఆశ్రమంలో ఉన్న ప్రతి బిడ్డనూ దత్తత ఇవ్వరు. చాలామందికి అమ్మో నాన్నో ఉంటారు, పేదరికం వల్ల అక్కడ ఉంచుతారు. బాలల సంక్షేమ కమిటీ విచారణ చేసి, ఈ బిడ్డకు ఎవరూ లేరు లేదా కన్నవాళ్ళే వదులుకున్నారు అని తేల్చిన తర్వాతే జాబితాలోకి ఎక్కుతుంది. ఆ జాగ్రత్త మంచిదే. తోడికోడలి చేతిలో పళ్ళెం చూసినదాన్ని, నాకు ఆ ఆలస్యం మీద కోపం రాలేదు.

కోపం వచ్చింది వేరే దాని మీద. హోమ్ స్టడీ రిపోర్టు మూడేళ్ళే చెల్లుతుంది. 2023 మొదట్లో దాన్ని మళ్ళీ చేయించాలి. మాకు రిపోర్టు రాసిచ్చిన సంస్థ వాళ్ళు ఫోన్ ఎత్తేవాళ్ళు కాదు. ఎత్తితే "మేడమ్ లీవులో ఉన్నారు" అనేవాళ్ళు. ఐదు వారాలు తిరిగాం. ఇన్నేళ్ళు నిలబడిన వరుస చివర్లో జారిపోతుందేమో అని నాకు బీపీ వచ్చింది. ఇప్పుడు ఎవరు అడిగినా చెప్తాను, గడువుకు ఆరు నెలల ముందే అడగడం మొదలుపెట్టండి.

ఊళ్ళో మాటలు సరేసరి. "ఏ కులమో ఏమో తెలీకుండా ఇంట్లోకి తెచ్చుకుంటారా?" అన్నాడు మా పెదనాన్న. మా అమ్మ అప్పుడు వేరుశనక్కాయలు ఒలుస్తా ఉంది. తల ఎత్తకుండానే "ఎవరు కంటే ఏముంది బావా, సాకినోళ్ళదే బిడ్డ" అంది. ఆ మాట నాకు అప్పుడు ఎంత బలమిచ్చిందో! అది మా వైపే తిరిగి వస్తుందని అప్పుడు నాకు తెలియదు.

2023 మే నెలలో ఒక గురువారం మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా మెసేజ్ వచ్చింది. రెఫరల్, అంటే మా వరుసకు వచ్చిన బిడ్డ వివరాలు. వేళ్ళు వణికి పాస్‌వర్డు రెండుసార్లు తప్పు కొట్టాను. మా ఆయనకు ఫోన్ చేసి, ఆయన లైనులో ఉండగానే తెరిచాను. ఏడాది పది నెలల పాప. ఉత్తర కర్ణాటకలో ఒక ఊరు. ఊరి పేరు, పాప పేరు రాయను, అవి పాప సొంతం.

ఫోటోలో పాప కెమెరా వైపు చూడటం లేదు. పక్కకు చూస్తోంది. ఫోటో అంచున ఒక చెయ్యి మణికట్టు దాకా పడింది. దాని నిండా ఆకుపచ్చ గాజులు. ఆ చెయ్యి పాప మోచేతిని పట్టుకుని ఉంది. పాప చూస్తున్నది ఆ చెయ్యి ఎవరిదో వాళ్ళ ముఖంలోకి.

48 గంటల్లో పాపను మా పేరు మీద రిజర్వు చేసుకోవాలి. ఫోటోతో పాటు పాప నేపథ్యం మీద ఒక రిపోర్టు, ఆరోగ్యం మీద ఒక రిపోర్టు ఇస్తారు. వాటిని మాకు తెలిసిన పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. బరువు 8.9 కిలోలు, హిమోగ్లోబిన్ 8.4. డాక్టరు తల చుట్టుకొలత అంకె చూశారు, హెచ్‌ఐవీ, హెపటైటిస్ పరీక్షలు చూశారు, ఏ నెలలో కూర్చుంది, ఎప్పుడు నడిచింది అన్న వరస చూశారు. "రక్తం తక్కువగా ఉంది, ఐరన్ మందుతో సర్దుకుంటుంది. మిగతాదంతా వెళ్ళి చూడండి, కాగితంలో బిడ్డ కనిపించదు" అన్నారు. ఆ సాయంత్రమే రిజర్వు చేశాం. ఆ తర్వాత 30 రోజుల్లో స్వయంగా వెళ్ళి చూసి, ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టాలి.

రాత్రి రైలెక్కి పోయాం. తెల్లారి పదింటికి ఆశ్రమం వరండాలో కూర్చోబెట్టారు. ఒకామె చంకలో పాపను ఎత్తుకుని వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. చేతులకు ఆకుపచ్చ గాజులు. నేను పాపను చూడకముందు ఆ గాజులనే చూశాను. పాప ఆమె మెడలో ముఖం దాచుకుంది. నేను చేతులు చాపాను. "బ్యాడ" అంది పాప. వద్దు అని. నాతో నా కూతురు అన్న మొదటి మాట అదే.

నాలుగు రోజులు అక్కడే లాడ్జిలో ఉండి రోజూ పోయాం. పాప ఆమెను "అవ్వ" అని పిలిచేది. మా రాయలసీమలో అవ్వ అంటే అమ్మమ్మో నాయనమ్మో. ఆ వైపు పల్లెల్లో అవ్వ అంటే అమ్మ. మూడో రోజుకు గానీ ఈ సంగతి నా బుర్రకు ఎక్కలేదు. పాప ఇన్నాళ్ళూ ఆయమ్మను పిలుస్తున్నది అమ్మా అని.

అవ్వ నాకు అన్నీ నేర్పింది. జొన్నరొట్టె తుంచి వేడి పాలల్లో వేసి, బెల్లం కలిపి, చేత్తో మెత్తగా నలిపి పెట్టాలి, చెంచాతో పెడితే తినదు. నిద్రకు ముందు ఎడమ అరికాలు బొటనవేలితో రుద్దాలి. కడుపు నిండితే "సాకు" అంటుంది, ఆ తర్వాత ఒక్క ముద్ద కూడా బలవంతం చేయవద్దు. అన్నీ ఫోనులో రాసుకున్నాను. ఆమెకు పిల్లలున్నారా అని అడగాలనిపించింది, అడగలేదు.

బయలుదేరే రోజు అవ్వ ఒక చిన్న బొంత తెచ్చి నా చేతిలో పెట్టింది. పాత చీర ముక్కలు ఒకదాని మీద ఒకటి వేసి కుట్టింది. అక్కడ దాన్ని కౌది అంటారు. పాప రోజూ దాని మీదే పడుకుంటుందట. ఇంటికి పోయాక కొన్నాళ్ళు దాన్ని ఉతకవద్దని అక్కడి సోషల్ వర్కర్ చెప్పారు. ఆ వాసన పాపకు తెలిసిన ఒకే ఒక్క వస్తువు అవుతుంది మీ ఇంట్లో, అన్నారు. ఆటో కదిలేటప్పుడు వెనక్కి చూశాను. గేటు దగ్గర అందరూ ఉన్నారు. అవ్వ లేదు.

పాప ఏడ్చి ఏడ్చి రైల్లో నా ఒడిలో నిద్రపోయింది. రాత్రంతా నేను కాలు కదపలేదు.

ఇంట్లో మా అమ్మ ఎదురు వచ్చి, కదిరి నరసింహస్వామి కుంకుమ పాప నుదుటన పెట్టి, "అవ్వ దగ్గరికి రా బంగారూ" అంది. పాప ఆ మాట వినగానే తల ఎత్తి చూసింది. అమ్మ ముఖం చూసింది. అమ్మ వెనకాల చూసింది. తలుపు వైపు చూసింది. ఎవరూ లేరు. కింది పెదవి ముందుకు వచ్చి, ముఖమంతా నెమ్మదిగా మారిపోయింది. నేను ఇంత పెద్ద ప్రాణాన్ని ఆ ఏడుపు ముందు ఏమీ చేయలేకపోయాను.

రాత్రి రెండింటికి లేచి "అవ్వా, అవ్వా" అని పిలిచేది. పక్క గదిలో నుంచి మా అమ్మ, తననే పిలుస్తుందనుకుని చీర కుచ్చిళ్ళు పట్టుకుని పరుగెత్తుకుని వచ్చేది. పాప అమ్మను చూసి ఇంకా గట్టిగా ఏడ్చేది. రెండు రాత్రులు ఇదే తంతు. మూడో రోజు పొద్దున అమ్మకు విషయం చెప్పాను. వంటింట్లో గట్టు దగ్గర నిలబడి విని, చాలాసేపు ఏమీ అనలేదు. "నేనే అన్నాను గదే, సాకినోళ్ళదే బిడ్డ అని. ఆ తల్లి కూడా సాకింది గదా" అంది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

అదే రోజు మధ్యాహ్నం ఒక పొరపాటు జరిగింది. బొంత ఉతకవద్దన్న సంగతి అమ్మకు చెప్పడం నేను మరిచిపోయాను. నేను పాపకు నీళ్ళు పోస్తున్న సమయంలో, బొంత పాలవాసన వస్తోందని అమ్మ సబ్బు పెట్టి ఉతికి బాల్కనీలో ఆరేసింది. రాత్రి పాప దాన్ని ముఖానికి దగ్గరగా లాక్కుంది. వాసన చూసింది. తిప్పి ఇంకోవైపు చూసింది. మూలలు ఒక్కొక్కటే పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత బొంతను నెమ్మదిగా మంచం మీది నుంచి కిందికి తోసేసింది. ఆ రాత్రి ఏడవలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది. ఏడ్చి ఉంటే బాగుండు అనిపించింది నాకు. అమ్మ అయితే తెల్లవార్లూ తనను తాను తిట్టుకుంటూనే ఉంది.

మరుసటి రోజు ఆశ్రమానికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. కోప్పడతారనుకున్నాను. వాళ్ళు అవ్వకు ఫోన్ ఇచ్చారు. నా కన్నడ అంతంత మాత్రం. ఆమె ఒక్కటే చెప్పింది, కాలు రుద్దు, మాట్లాడకుండా రుద్దు. ఆ రాత్రి నుంచి రుద్దాను. నేను అలిసిపోతే మా ఆయన, ఆయన తర్వాత మా అమ్మ. తొమ్మిదో రోజు రాత్రి రుద్దుతూ రుద్దుతూ నేనే కునికాను. అరికాలు వచ్చి నా అరచేతిని మెల్లగా తన్నింది. ఆపావేం, అన్నట్టు. చీకట్లో లేచి కూర్చుని మళ్ళీ మొదలుపెట్టాను. సోషల్ వర్కర్ గుమ్మంలో అడిగిన ప్రశ్న అప్పుడు గుర్తొచ్చింది.

సెలవు సంగతి చెప్పకుండా ముగించలేను, ఎందుకంటే ఉద్యోగం చేసే ఆడవాళ్ళు చాలామంది అక్కడే దెబ్బతిన్నారు. దత్తత తల్లికి 12 వారాల సెలవు అని 2017 ప్రసూతి చట్ట సవరణలో ఉండేది. కానీ అప్పట్లో అది బిడ్డ వయసు మూడు నెలల లోపు ఉంటేనే అని నాకు తెలియదు. మా కంపెనీ హెచ్‌ఆర్ వాళ్ళు ఆ గీతే చూపించి, నీ పాపకు రెండేళ్ళు కదా, కుదరదు అన్నారు. లెక్క వేసి చూడండి. కన్నవాళ్ళు బిడ్డను అప్పగిస్తే, మనసు మార్చుకోవడానికి వాళ్ళకు 60 రోజుల గడువు ఉంటుంది. దొరికిన పసిబిడ్డ అయితే కమిటీ విచారణకే రెండు నెలలు. ఆ తర్వాత రెఫరల్, కాగితాలు, ప్రయాణం. మూడు నెలల లోపు బిడ్డ చట్టం దారిలో ఎవరి ఇంటికి చేరగలదు? ఆ నిబంధన మీద 2021లోనే సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది. నా అవసరానికి అది అందలేదు. ఉన్న సెలవులన్నీ వాడుకుని, ఆ పైన జీతం లేకుండా రెండు నెలలు ఇంట్లో ఉన్నాను. చంటిబిడ్డ కంటే ఎక్కువగా ఈ వయసు బిడ్డకే అమ్మ పక్కన ఉండాలి. చంటిబిడ్డకు పోయింది ఏమిటో తెలియదు, ఈ బిడ్డకు తెలుసు.

ఇదంతా జరుగుతున్నప్పుడు చట్టం దృష్టిలో పాప ఇంకా మా కూతురు కాదు. దత్తతకు ముందు సంరక్షణ కింద మా దగ్గర ఉన్నట్టు లెక్క. ఇదివరకు ఆర్డరు కోర్టు ఇచ్చేది. 2022 సెప్టెంబరు 1 నుంచి జిల్లా మేజిస్ట్రేట్ ఇస్తున్నారు, కర్ణాటకలో డీసీ అంటారు. దరఖాస్తు వేశాక రెండు నెలల్లో తేల్చాలి. మేము మళ్ళీ ఆ ఊరికి పోయాం. గదిలో మేమూ అధికారులూ తప్ప ఎవరూ లేరు, విచారణ బయటివాళ్ళ ముందు చేయకూడదు. డీసీ గారు మమ్మల్ని అడగాల్సినవి అడిగి, పాప వైపు చూసి "ఇవరు యారు?" అని నన్ను చూపించారు. పాప అప్పుడు నా దుపట్టా అంచు నోట్లో పెట్టుకుని ఉంది. అది తీసి "అమ్మ" అంది. మళ్ళీ పెట్టుకుంది.

ఆర్డరు వచ్చాక మా పేర్లతో జనన ధ్రువీకరణ పత్రం తీసుకున్నాం. ఆరు నెలలకోసారి చొప్పున రెండేళ్ళు సోషల్ వర్కర్ వచ్చి పాపను చూసి వెళ్ళారు. పాప కాగితాలన్నీ ఒక ఫైల్లో పెట్టాను, ఆ ఫోటోతో సహా. పెద్దయ్యాక తన మూలాలు వెతుక్కోవాలంటే అడిగే హక్కు తనకు నియమాల్లోనే ఉంది. ఆ రోజు నేను ఫైలు ఎక్కడ పెట్టానా అని వెతుక్కోకూడదు.

పాపకు మొదటి నుంచీ చెప్తున్నాం. అన్నం తినిపించేటప్పుడు కథలాగా. ఒక ఊళ్ళో ఒక అవ్వ ఉంది, ఆమెకు ఆకుపచ్చ గాజులు, పాపను సాకింది. తర్వాత అమ్మానాన్న రైలెక్కి వచ్చారు. పాప తనకు తానే పేర్లు పెట్టుకుంది. మా అమ్మ కదిరి అవ్వ, ఆమె రైలు అవ్వ. కొందరు మా మీద జాలిపడి, చిన్నపిల్లకు ఇవన్నీ ఎందుకు, మరిచిపోనివ్వండి అంటారు. మరిచిపోవడం ఎట్లా ఉంటుందో నేను బొంత ఉతికిన రాత్రి చూశాను.

మా పక్కింటి కన్నడ ఆంటీ ఒకసారి మెట్ల దగ్గర గొంతు తగ్గించి "సాకు మగళా?" అని అడిగారు. పెంపుడు కూతురా అని. ఆ మాట నాకు కష్టంగా అనిపించలేదు. సాకు అంటే కన్నడంలో చాలు అని, పెంచు అని కూడా. మా అమ్మ నోట సాకడం అనే మాట రోజూ వినేదాన్ని. "అవును ఆంటీ" అన్నాను.

2025 జనవరిలో, పాపకు మూడున్నరేళ్ళప్పుడు, ముందే అనుమతి అడిగి ఆశ్రమానికి వెళ్ళాం. మా అమ్మ కూడా వచ్చింది, ఒక చీర, ఒక డబ్బా నిండా వేరుశనగ ఉండలు పట్టుకుని. అవ్వ వరండాలోకి వచ్చింది. జుట్టు ఇంకా నెరిసింది. పాప నా వెనకాల దాక్కుంది. గుర్తుపట్టలేదు. అవ్వకు ఆ సంగతి తెలిసిపోయింది, ముఖం పక్కకు తిప్పుకుని లోపలికి పోయింది. కాసేపటికి గిన్నెతో వచ్చింది. పాలల్లో నలిపిన జొన్నరొట్టె, బెల్లం. నేల మీద కూర్చుని, చేత్తో ముద్ద చేసి, ఏమీ అనకుండా చెయ్యి చాపి ఉంచింది. పాప చూసింది. నా కుర్తా వదిలి నాలుగడుగులు వేసి వెళ్ళి ఆమె ముందు కూర్చుని నోరు తెరిచింది.

ఐదారు ముద్దలు తిని "చాలు" అంది. అవ్వకు అర్థం కాక నా వైపు చూసింది. "సాకు అంటోంది" అన్నాను. అవ్వ నవ్వింది. ముంజేతితో కళ్ళు తుడుచుకుని "ఛలో సాకీరి" అంది నాతో. బాగా పెంచారు అని. నాకు గొంతు పెగల్లేదు. మా అమ్మే, కన్నడ ఒక్క ముక్క రాని మా అమ్మే, ఆమె పక్కన కూర్చుని చీర ఆమె ఒళ్ళో పెట్టి, "నువ్వు గూడా సాకినావు తల్లీ" అంది.

పాపకు ఇవేమీ పట్టలేదు. ఆమె గాజులు లెక్క పెడుతోంది. "నాకొకటి" అంది. అవ్వ ఒకటి తీసి పాప చేతికి వేసింది. అది భుజం దాకా జారింది. దించితే కింద పడిపోతుంది. తిరుగు రైల్లో నిద్ర పట్టేదాకా పాప ఆ చెయ్యి పైకెత్తే పెట్టుకుంది.